రాలేనివాళ్లకు ఇల్లు చూపించడం

విజయవాడ

చి॥ హారికకు పెదనాన్న ఆశీస్సులు.

పోరంకిలో ఫ్లాటు, గుంటూరు అమరావతి రోడ్డులో కల్యాణమండపం, రెండు వర్చువల్ టూర్ ఆర్డర్లూ ఒకే నెలలో వచ్చాయని మీ అమ్మ చెప్పింది. చోటంతా ఫొటోలు తీసి, ఫోన్లో నొక్కుతూ గది గదీ తిరిగి చూసేలా కలిపి ఇవ్వడమే కదా ఈ పని. ఏ కెమెరా కొనాలని కదా నువ్వు అడిగింది. ఆ ముక్క ముందు తేల్చేస్తాను, ఎందుకంటే అసలు పని అక్కడ లేదు.

ముందొకటి, వెనకొకటి లెన్సు ఉండి, చుట్టూ ఉన్నదంతా ఒకే ఫొటోలో తీసే 360 కెమెరా నీకు చాలు. రికో థీటా జెడ్1లో సెన్సర్ ఒక అంగుళం సైజు, వెలుతురు తక్కువ గదుల్లో శుభ్రంగా తీస్తుంది, కానీ ఫొటో వెడల్పు 6720 పిక్సెళ్లే. థీటా ఎక్స్ 11008 పిక్సెళ్లు ఇస్తుంది, బ్యాటరీ తీసి ఇంకోటి వేసుకోవచ్చు. ఇన్‌స్టా360 ఎక్స్3, ఎక్స్4 లాంటివి షాపులకు సరిపోతాయి. మ్యాటర్‌పోర్ట్ ప్రో3 లైడార్‌తో, అంటే లేజర్ కిరణాలతో గదిని కొలుస్తుంది, బొమ్మల ఇల్లులా మొత్తం ఫ్లాటును పైనుంచి చూపిస్తుంది. దాని పాత అన్న ప్రో2 ఇన్‌ఫ్రారెడ్‌తో కొలుస్తుంది కాబట్టి ఎండ పడే బాల్కనీలో తికమకపడుతుంది. లక్షలు పోసి ఇప్పుడే కొనకు. కొలతలు కావాలన్న పార్టీ వచ్చినప్పుడు అద్దెకు దొరుకుతుందేమో చూసుకో.

ఆ పోరంకి ఫ్లాటు టూరు ఎవరు తెరుస్తారో ఆలోచించు. పటమటలో ఉన్నాయన బండేసుకుని వెళ్లి చూసొస్తాడు, ఆయనకు నీ టూరుతో పనిలేదు. తెరిచేది డల్లాస్‌లో ఉన్న కొడుకు. అక్కడ వేసవి రాత్రి తొమ్మిదైతే మనకు మర్నాడు పొద్దున ఏడున్నర. వాట్సాప్‌లో లింకు నొక్కి, అవతల స్పీకర్లో వాళ్ల నాన్నను పెట్టుకుని, ఇద్దరూ కలిసి చూస్తారు. గుమ్మం ఎటు? వంటిల్లు ఆగ్నేయంలోనే ఉందా? ఈశాన్యంలో టాయిలెట్ పెట్టారా? మాస్టర్ బెడ్‌రూమ్ కిటికీ తీస్తే ఎదురుగా గోడా, ఖాళీనా? మనిషి స్వయంగా వస్తే ఏమేం తొంగి చూస్తాడో అవన్నీ ఆ టూరులో తగలాలి. నున్నటి సోఫా సెట్టును నాలుగు వైపుల నుంచి చూపించి వాష్ ఏరియా ఎగ్గొడితే, ఏదో దాస్తున్నారనే అనుకుంటారు.

అందుకని మొదటిరోజు కెమెరా ఇంట్లోనే వదిలేసి వెళ్లు. బిల్డరు దగ్గర ఫ్లోర్ ప్లాను జిరాక్సు అడిగి తీసుకుని, లిఫ్టు దిగిన చోటు నుంచి కొనేవాడిలా నడువు. ఎక్కడ ఆగి చుట్టూ చూడాలనిపిస్తే అక్కడ పెన్నుతో చుక్క పెట్టు. ఒక చుక్క దగ్గర నిలబడితే తర్వాతి చుక్క కంటికి కనబడాలి, మధ్యలో గోడ అడ్డం రాకూడదు. గదుల్లో చుక్కల మధ్య ఆరు నుంచి ఎనిమిది అడుగులు, పెద్ద హాళ్లలో పన్నెండు దాకా వెళ్లొచ్చు. మూడు బెడ్‌రూమ్‌ల ఫ్లాటుకు కారిడార్ ఒకటి, గుమ్మం ఒకటి, హాలు రెండు, డైనింగ్, వంటిల్లు, వాష్ ఏరియా, మాస్టర్‌లో రెండు, మిగతా బెడ్‌రూమ్‌లకు ఒక్కొక్కటి, బాత్‌రూమ్‌లకు ఒక్కొక్కటి, బాల్కనీ, ఆపైన సెల్లార్ పార్కింగ్, టెర్రస్. పదిహేడు, పద్దెనిమిది దగ్గర ఆగుతుంది. ముప్పై తీస్తే గొప్పేం కాదు. చూసేవాడు హాల్లోనే నాలుగుసార్లు నొక్కి విసుగెత్తి మూసేస్తాడు.

కెమెరా ఎత్తు అయిదు అడుగులకు కాస్త తక్కువగా ఉంచు, అన్ని గదుల్లోనూ అదే ఎత్తు. ఒకచోట నాలుగు, ఇంకోచోట ఆరు పెడితే, గది మారినప్పుడల్లా చూసేవాడికి గుంటలో దిగి గట్టెక్కినట్టుంటుంది. ట్రైపాడ్ మామూలుది వద్దు, కాళ్లు వెడల్పుగా పరుచుకుని కింద ఫ్లోరంతా మింగేస్తాయి. సన్నటి మోనోపాడ్‌కు చిన్న కాళ్లున్నది తీసుకో. బాల్కనీలోనూ టెర్రస్‌పైనా గాలికి అది పడిపోతుంది. అక్కడ అడుగున ఇసుక సంచి పెట్టు.

ఇక అందరూ తప్పు చేసే చోటు. రెండు లెన్సుల బొమ్మలు కలిసే అతుకు కెమెరా పక్కల్లో, అంటే లెన్సులకు అడ్డంగా వస్తుంది. అతుకు దగ్గర ఏదైనా వస్తువు మూడడుగుల లోపుంటే విరిగినట్టో, రెండుగానో కనబడుతుంది. గుమ్మంలో నిలబెట్టినప్పుడు చాలామంది ఒక లెన్సు హాల్లోకి, ఇంకోటి బయటికి పెడతారు. అప్పుడు ద్వారబంధం సరిగ్గా అతుకులో పడి నిలువుకమ్మి వంకర తిరుగుతుంది. తిప్పి పెట్టు: లెన్సులు రెండు కమ్ముల వైపు, అతుకు గదిలోకీ బయటికీ. దూరంగా ఉన్నవాటి దగ్గర అతుకు కనబడదు. సన్నటి వంటిళ్లలో కూడా ఇదే లెక్క, గట్టు వైపు లెన్సు ఉండాలి. గుమ్మానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, మామిడాకులు కట్టి ఉంటే ఈ తప్పు ఇంకా ఘోరంగా బయటపడుతుంది, తోరణం రెండు ముక్కలైపోతుంది.

వెలుతురు సంగతి. తూర్పు హాలైతే పొద్దున ఎండ ఫ్లోరు మీద తెల్లటి పలకలా పడుతుంది, పదకొండు దాటాక తియ్యి. పడమటి గదులు మధ్యాహ్నంలోపే ముగించు. గది లోపల చీకటి, కిటికీ అవతల మండే వెలుతురు, రెండూ ఒకే ఫొటోలో రావు కాబట్టి ఒక్కో చోట రెండేసి స్టాపుల తేడాతో (ఒక స్టాపంటే వెలుతురు రెట్టింపో, సగమో) అయిదు ఎక్స్‌పోజర్లు తీసి కలపాలి, అదే హెచ్‌డీఆర్. వెలుతురుకు సెన్సర్ ఎంత స్పందించాలో చెప్పే ఐఎస్‌ఓను 100 దగ్గర ఉంచి షట్టర్‌ను నెమ్మదిగా పోనీ. మన కరెంటు 50 హెర్ట్జ్, చవక ఎల్‌ఈడీలు సెకనుకు వందసార్లు మిణుకుతాయి. షట్టర్ సెకనులో 1/100 వంతు కంటే వేగంగా పోతే గోడల మీద చారలు వస్తాయి. ఒక గదిలో తెల్ల బల్బు, పక్క గదిలో పసుపు బల్బు ఉంటే రెండిళ్లలా కనిపిస్తాయి. బిల్డరుకు ముందే చెప్పి అన్నీ ఒకే రకం పెట్టించు, నాలుగు బల్బుల ఖర్చేగా.

ఫ్యాన్లు ఆపేయి. ఉక్కపోస్తుంది, నిజమే, కానీ అయిదు ఫొటోలు కలిపేసరికి తిరిగే రెక్కలు దెయ్యాల్లా తేలతాయి. కర్టెన్లు కూడా కదలకూడదు. బటన్ ఫోన్లోంచి నొక్కి, నువ్వు పక్క గదిలో గోడ చాటున ఉండు. అద్దాల వార్డ్‌రోబ్, పూజగదిలో పటాల గాజు, ఆపేసిన టీవీ, ఫ్రిజ్ తలుపు, వీటన్నిట్లో నువ్వు దొరికిపోతావు. కెమెరా స్టాండ్ అద్దంలో పడితే ఫరవాలేదు, మనిషి పడకూడదు. మేలో అయితే కెమెరా వేడెక్కి తనంతట తానే ఆగిపోతుంది. ఎండలో ఉండే టెర్రస్, బాల్కనీలు పొద్దున్నే తీసేసి ఆ తర్వాత లోపలికి రా. ప్రతి చోటూ సర్దడంతో కలిపి నాలుగైదు నిమిషాలు వేసుకో. ఫ్లాటుకు ఒక పూట పడుతుంది. ఆ రోజు ఇంకో షూటింగ్ ఒప్పుకోకు.

ఇప్పుడు కూర్చుని కలపడం. సాఫ్ట్‌వేర్‌లో కూలా తేలిక, 3డీ విస్టాలో చేతికి పట్టు ఎక్కువ, మార్జిపానో ఉచితం కానీ కాస్త కోడింగ్ రావాలి. ఏది వాడినా ఒక్క పని మాత్రం నువ్వే చేత్తో చెయ్యాలి. హాల్లోంచి వంటింటి బాణం నొక్కాననుకో, వంటింట్లో తెరుచుకున్నప్పుడు నా ముఖం వంటింటి లోపలికే ఉండాలి. సరిచూడకపోతే కెమెరా ఎటు పెట్టావో అటే తెరుచుకుంటుంది, నేను మళ్లీ హాలు వైపు చూస్తూ నిలబడతాను. ఇంకోసారి నొక్కుతాను, మళ్లీ హాల్లోకి వస్తాను. పద్దెనిమిది చోట్లకు, వచ్చే దారీ పోయే దారీ కలిపి, నలభై దాకా లింకులుంటాయి. ఒక్కొక్కటీ నొక్కి దిక్కు సరిచెయ్యి. బాణాలు నేల మీద పెట్టు, గాల్లో వేలాడదీయకు. కింద స్టాండు కనబడే చోట బిల్డరు లోగో గుండ్రంగా వేసి కప్పేయి, మరీ పెద్దది చేస్తే ప్రకటన బోర్డులా ఉంటుంది.

దిక్కుల గురించి మరీ జాగ్రత్త. తెర మూలన చిన్న ఫ్లోర్ ప్లాను పెట్టి, ఉత్తరం బాణం వేసి, చూసేవాడు ఎటు తిరిగాడో చూపించే రాడార్ గుర్తు పెట్టు. ఉత్తరం ఎటుందో ఫోన్ దిక్సూచి నమ్మి రాసుకోకు. లిఫ్టు దగ్గరా, స్లాబు ఇనుము పక్కనా ముల్లు పక్కకు లాగేస్తుంది. గూగుల్ మ్యాప్స్ శాటిలైట్ బొమ్మలో బిల్డింగ్ గోడ గీతతో పోల్చుకో. మనవాళ్లు తూర్పు గుమ్మమని కొని, వచ్చి చూసుకుంటే ఈశాన్యానికి తిరిగి ఉందంటే ఊరుకుంటారా!

360 బొమ్మలో గది ఉన్నదాని కంటే పెద్దగా కనిపిస్తుంది. ప్రతి గదిలో కొలత రాయి, 11 అడుగులు బై 10 అని. ఏరియా రాసేటప్పుడు అది కార్పెట్ ఏరియానా (ఫ్లాటు లోపల వాడుకునే చోటు), సూపర్ బిల్టప్పా (గోడలు, మెట్లు, కారిడార్ల వాటా కూడా కలిపినది) స్పష్టంగా చెప్పు. 2016లో వచ్చిన రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం ప్రాజెక్టు ప్రకటనలో రెరా వెబ్‌సైటు చిరునామా, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. నీ టూరూ ప్రకటన కిందకే వస్తుందనుకుని మొదటి సీన్‌లోనే, అంటే టూరు తెరవగానే వచ్చే 360 ఫొటోలోనే వేసెయ్యి. 12వ సెక్షన్ ఇంకో మాట చెబుతుంది: ప్రకటనలోనో, మోడల్ ఫ్లాటులోనో తప్పు చూపించి డబ్బు కట్టించుకుంటే, నష్టపోయినవాళ్లకు బిల్డరు పరిహారం కట్టాలి. కాబట్టి కిటికీ అవతల పక్క బిల్డింగ్ గోడను చెరిపేసి ఆకాశం అతికించమంటే చెయ్యకు. ఇంకా కట్టని చోటు కంప్యూటర్ బొమ్మ అయితే అది ఊహాచిత్రమని దాని మీదే రాయి.

మండపం సంగతి వేరు. యజమాని స్టేజీ చూపించమంటాడు, బుక్ చేసుకునేవాళ్లకు కావలసింది భోజనాల హాలు, వంటశాల, టాయిలెట్లు, కార్లు ఎక్కడ పెట్టాలి, పెళ్లికూతురి గదిలో అద్దమూ ఏసీ ఉన్నాయా అన్నవి. బంతికి ఎన్ని కుర్చీలో, వడ్డించేవాళ్లు వరసల మధ్య నడవగలరో లేదో కనబడేలా బల్లలు వేయించి తియ్యి. ఖాళీ మండపం ఆషాఢంలోనో మూఢంలోనో తీరిగ్గా దొరుకుతుంది, కానీ ఖాళీ హాలు గోడౌన్‌లా ఉంటుంది. రెండుసార్లు తియ్యాలి, ఒకటి ఖాళీగా, ఒకటి అలంకరణతో. డెకరేషన్ వాళ్లు దిగిపోయాక, చుట్టాలు రాకముందు ఒక గంట దొరుకుతుంది. ఆ గంట కోసం వాళ్లతో ముందే మాట్లాడుకో. పూలతో కట్టిన పెళ్లికొడుకు, పెళ్లికూతురి పేర్ల బోర్డు మాత్రం ఆ కుటుంబాన్ని అడగకుండా చూపించకు, మసక చేసెయ్యి. రెండింటికీ కెమెరా ఒకే చోట పెట్టగలిగేలా మొదటిసారి నేల మీద టేపు ముక్కలు అంటించి ఫొటో తీసుకో. అప్పుడు ఒక బటన్ నొక్కితే ఖాళీ హాలు అలంకరించిన హాలుగా మారుతుంది. దానికే పార్టీ పడిపోతుంది.

బీసెంట్ రోడ్డు షాపులు వస్తే పొద్దున ఎనిమిదికే షట్టరు తీయించుకుని ముగించు, తర్వాత జనంలో కెమెరా నిలబెట్టలేవు. ధరల చీటీలు, కౌంటరు వెనక సీసీ కెమెరా తెరలు, క్యాలెండరు మీద ఫోన్ నంబర్లు, నగల షాపులో లాకరు దారి, ఏవీ కనబడకూడదు. షాపు గూగుల్ ప్రొఫైల్లో 360 ఫొటోలు ఎక్కించేటప్పుడు వెడల్పు ఎత్తుకు సరిగ్గా రెట్టింపుండాలి. ఫొటోషాప్‌లో దిద్ది సేవ్ చేశాక కొన్నిసార్లు 360 గుర్తు ఊడిపోయి సాగదీసిన చదునైన బొమ్మలా కనిపిస్తుంది. ఫొటో ఫైలు లోపలి వివరాలు మార్చే ఎగ్జిఫ్‌టూల్‌ అనే సాఫ్ట్‌వేర్‌తో ప్రొజెక్షన్ టైపు దగ్గర ఈక్విరెక్టాంగ్యులర్ అని తిరిగి పెడితే సరిపోతుంది. గూగుల్ స్ట్రీట్ వ్యూ యాప్ 2023 మార్చితో ఆగిపోయింది, పాత వీడియోలు చూసి దానికోసం వెతకకు.

డ్రోన్‌తో పైనుంచి చూపించమంటే, గన్నవరం విమానాశ్రయం ఉంది కాబట్టి, డ్రోన్లు ఎక్కడ ఎగరొచ్చో చూపించే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ చూడకుండా మాటివ్వకు. టెర్రస్ మీద పదడుగుల కర్రకు కెమెరా కట్టినా చుట్టుపక్కల బాగానే కనిపిస్తుంది.

డబ్బుల మాట కాగితం మీద పెట్టు. షూటింగుకు ఎంత, ఎన్ని సీన్లకు, ఒక్కసారి దిద్దుబాటు ఉచితం, ఆపైన ఎంత, టూరును ఇంటర్నెట్‌లో ఉంచే చందా, అంటే హోస్టింగ్, ఏటా ఎవరు కట్టాలి. ఈ చివరిది అందరూ మర్చిపోతారు. చందా ఆగిపోగానే టూరు మూతపడుతుంది, ఫోన్లు నీకు వస్తాయి. ఒరిజినల్ ఫైళ్లు నీ దగ్గర రెండు హార్డ్‌డిస్కుల్లో ఉంచుకో. బ్రోషరుకూ సైటు గేటుకూ క్యూఆర్ కోడ్ పెట్టించు, పది అడుగుల దూరం నుంచి చదవాలంటే అడుగు వెడల్పుండాలి. బెంజ్ సర్కిల్ హోర్డింగుకు మాత్రం వద్దను. అక్కడ ఫోన్ ఎత్తేవాడు బండి మీదుంటాడు.

అప్పగించేముందు వైఫై ఆపేసి, మామూలు ఆండ్రాయిడ్ ఫోన్లో, మొబైల్ డేటాతో తెరువు. మొదటి సీన్ మూడు సెకన్లలో రాకపోతే ఫొటోను ముక్కలుగా, అంటే టైల్స్‌గా కోసి పెట్టాలి. తర్వాత ఆ ఫోన్ మీ అమ్మ చేతికివ్వు, ఏమీ చెప్పకు. తను ఎక్కడ ఆగిపోయి నీ వైపు చూస్తే అక్కడ బాణం తప్పు.

పోరంకి వెళ్లేముందు ఆ ఫ్లాటుకు కరెంటు మీటరు వచ్చిందో లేదో ఫోన్ చేసి కనుక్కో. టెంపరరీ లైను మీద లైట్లన్నీ ఒకేసారి వెలగకపోవచ్చు, లిఫ్టూ ఉండకపోవచ్చు. అలాగైతే ఈ వారం వద్దు, వచ్చే వారానికి మార్చుకో.

మీ పెదనాన్న