తారీఖులు జాగ్రత్త తల్లీ

అమ్మాయ్,

క్రిమినల్ ప్రాక్టీసే చేస్తానని, అందులోనూ లీగల్ ఎయిడ్ తరఫున వకీలును పెట్టుకోలేనివాళ్ల కేసులు చూస్తానని నువ్వు అన్నావట. మీ నాన్న కంగారుపడుతూ ఫోన్ చేశాడు. "నువ్వు చెబితే వింటుంది, సివిల్ వైపు మళ్లించు అన్నయ్యా" అని బతిమాలాడు. మళ్లించను. వకీలు గుమస్తాగా కోర్టు వరండాల్లో బతికినవాణ్ణి. మనింటి పిల్ల ఆ మెట్లు నల్లకోటుతో ఎక్కుతుందంటే నాకు గర్వంగా ఉంది. భయమూ ఉంది. అందుకే ఈ ఉత్తరం.

సెక్షన్లు నీకు నేను చెప్పేదేమీ లేదు. 2024 జులై 1న కొత్త క్రిమినల్ చట్టాలు వచ్చి అంకెలన్నీ మారాయి కాబట్టి పాతవీ కొత్తవీ రెండూ నోటికి రావాలి. రిమాండు గడువుల గురించి చెప్పే పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 167 ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహితలో 187. అరెస్టు చేయకుండా హాజరు కమ్మని పోలీసులిచ్చే పాత 41ఎ నోటీసు ఇప్పుడు 35(3).

రిమాండుకు తెచ్చినప్పుడు ముందు అరెస్టు మెమోలో టైము చూడు. రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం, ప్రయాణానికి పట్టే సమయం పోను 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. "నిన్న పొద్దున్నే జీపెక్కించుకుపోయారమ్మా" అని ఇంటివాళ్లు చెబుతారు. మెమోలో ఇవాళ మధ్యాహ్నం అని ఉంటుంది. ఆ తేడా వరండాలో గొణుక్కుంటే లాభం లేదు, మేజిస్ట్రేటు ముందు నోరు తెరిచి చెప్పి రికార్డు చేయించు. అరెస్టుకు కారణాలు ముద్దాయికి తెలియజేశారా అన్నది కూడా అప్పుడే అడుగు. 2024లోనూ 2025లోనూ సుప్రీంకోర్టు ఈ ఒక్క లోపం మీదే అరెస్టులు చెల్లవని చెప్పింది.

ముద్దాయితో రెండు నిమిషాలైనా విడిగా మాట్లాడు. కొట్టారా అని కానిస్టేబుల్ పక్కనుండగా అడిగితే ఎవడూ నిజం చెప్పడు. పోలీసుల దగ్గర నేరం ఒప్పుకున్నానని ఏడుస్తుంటే, ఆ ఒప్పుకోలు కోర్టులో సాక్ష్యంగా చెల్లదని అతనికి అర్థమయ్యే మాటల్లో చెప్పు. తెల్లకాగితం మీద మాత్రం సంతకం పెట్టొద్దని మరీ మరీ చెప్పు.

ఇప్పుడు నా అసలు భయం చెబుతాను. నీకు చిన్నప్పటినుంచీ తారీఖులంటే అలుసు. పరీక్ష ఫీజు చివరి రోజున మీ నాన్న నీ వెనక పరిగెత్తడం నేను చూశాను. ఈ పనిలో ఆ అలవాటు వేరేవాళ్ల బతుకుల మీదికి వస్తుంది.

మా ఆఫీసులో ఒక జూనియర్ ఉండేవాడు. తెలివైనవాడు, బాగా వాదించేవాడు. ఇంట్లో దొంగతనం కేసులో ఒక కుర్రవాణ్ణి ఆదివారం నాడు మేజిస్ట్రేటు గారి ఇంటి దగ్గర రిమాండు చేశారు. వాళ్లమ్మ ఊరంతా తిరిగి మా ఆఫీసు పట్టుకునేసరికి నాలుగు రోజులైంది. ఆ కేసుకు గడువు 60 రోజులు. ఆలోపు పోలీసులు చార్జిషీటు వేయకపోతే బెయిలు హక్కుగా వస్తుంది. మన జూనియర్ లెక్క మొదలుపెట్టింది రిమాండు రోజు నుంచి కాదు, వకాలతు వేసిన రోజు నుంచి. డైరీలో అలాగే రాసుకున్నాడు. అతను పిటిషన్ పట్టుకెళ్లేసరికి చార్జిషీటు పడి రెండు రోజులైంది. మొదటి పేజీ మీద ఊదారంగు స్టాంపు, దాని మధ్యలో చేత్తో వేసిన తేదీ. నేనే చూశాను. గడువు దాటాక రెండు రోజుల పాటు కోర్టు తీసే ఉంది, చార్జిషీటు లేదు, బెయిలు అడిగినవాళ్లూ లేరు. చార్జిషీటు పడ్డాక ఆ హక్కు లేదు. పిటిషన్ కొట్టేశారు.

వాళ్లమ్మ నన్నడిగింది: "రెండు రోజులు ఆలస్యమైతే ఏమైంది బాబూ, వాడు లోపలే ఉన్నాడు కదా?" ఆమెకు ఏం చెప్పాలి? మామూలు బెయిలూ రాలేదు. చివరికి సాక్ష్యం లేదని కేసు కొట్టేసేదాకా ఆ పిల్లవాడు జైల్లోనే ఉన్నాడు.

అందుకని లెక్క చెబుతున్నాను, విసుక్కోకు. అరెస్టయిన రోజు నుంచి కాదు, రిమాండు రోజు నుంచి, ఆ రోజును కలుపుకునే లెక్కించాలి. ఈ సందేహాన్ని సుప్రీంకోర్టు 2023లో తీర్చేసింది. జనవరి 1న రిమాండైతే, జనవరి 31, ఫిబ్రవరి 28 కలిపి 59. మార్చి 1కి 60. మార్చి 2న కోర్టు తీసేసరికి నువ్వు పిటిషన్‌తో అక్కడుండాలి. లీపు సంవత్సరమైతే ఒక రోజు ముందే. మరణశిక్ష, యావజ్జీవం, పదేళ్లకు తగ్గని శిక్ష పడే నేరాలకు 90 రోజులు. మధ్యలో సెక్షన్లు మారిస్తే గడువూ మారొచ్చు, ప్రతి వాయిదాకూ చూసుకో. నోటిమాటగా అడిగినా చాలని 2017లో సుప్రీంకోర్టు అంది గానీ, నువ్వు కాగితం వేసి నంబరు వేయించు. జామీనుదార్లను, అంటే పూచీ పడేవాళ్లను, ముందే సిద్ధం చేసుకో. బెయిలిచ్చాక కూడా, చెప్పిన గడువులో జామీను పెట్టలేకపోయి ఈలోగా చార్జిషీటు పడితే మళ్లీ మొదటికొస్తుంది.

బెయిలు ఆర్డరు వచ్చిందని ఫైలు కట్టెయ్యకు తల్లీ. జామీనుకు మనుషులు దొరక్క లోపలే ఉండిపోయేవాళ్లు చాలామంది. బెయిలొచ్చిన ఏడు రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలపాలని 2023లో సుప్రీంకోర్టు ఆదేశించింది. వాళ్లు తెలిపేదాకా ఆగకు, నువ్వే జైలుకు ఫోన్ చేసి కనుక్కో. నెలైనా జామీను పెట్టలేకపోతే షరతులు సడలించమని అడుగు.

ఇంకొకటి. రాత్రిపూట స్టేషన్‌కు పిలుపొస్తే వెళ్లు, వెళ్లాలి కూడా. ఒక్కదానివే మాత్రం వెళ్లకు. తోడుగా ఎవరూ దొరక్కపోతే నాకు ఫోన్ చెయ్యి, ఎంత పొద్దుపోయినా ఫర్వాలేదు. ఈ సంగతి మీ నాన్నకు నేను చెబుతాలే.

మీ పెదనాన్న