మానవ హక్కుల చట్టం చదవడానికి ఇల్లు తాకట్టు పెట్టవచ్చా?

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. విజయవాడలో ఒక స్వచ్ఛంద సంస్థలో న్యాయవాదిగా పనిచేస్తున్నాను, నెలకు రూ.45,000 జీతం. నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయంలో మానవ హక్కుల చట్టంపై ఏడాది అడ్వాన్స్‌డ్ ఎల్ఎల్ఎం (న్యాయశాస్త్రంలో మాస్టర్స్)లో సీటు వచ్చింది. మొత్తం ఖర్చు రూ.38 లక్షలు; నా దగ్గర రూ.8 లక్షలున్నాయి. రిటైరైన నాన్నగారి ఇల్లు తాకట్టు పెట్టి మిగతా రూ.30 లక్షలు రుణం తీసుకోవచ్చా?

జవాబు: మీరు చెప్పిన లెక్క ప్రకారమైతే వద్దనే అంటాను. పదిన్నర శాతం వడ్డీతో రూ.30 లక్షలు తీసుకుంటే, చదువుకునే ఏడాదికి, ఆ తర్వాత బ్యాంకు ఇచ్చే మరో ఏడాది విరామానికి కలిపి సుమారు రూ.6.3 లక్షల వడ్డీ అసలుకు చేరుతుంది. అప్పుడు పదేళ్ల గడువుకు నెలవాయిదా దాదాపు రూ.49,000, అంటే మీ నేటి జీతం కంటే ఎక్కువ. గడువును పదిహేనేళ్లకు పెంచినా రూ.40,000కు తగ్గదు.

యూరోలలో సంపాదించి తీర్చవచ్చని మీరు అనుకుంటూ ఉండవచ్చు. అక్కడ పట్టా పొందినవారికి ఉద్యోగం వెతుక్కోవడానికి ఏడాది నివాస అనుమతి లభించే మాట నిజమే. అయితే ఈ రంగంలో తొలి మెట్టు చాలాసార్లు ఇంటర్న్‌షిప్. ఐక్యరాజ్యసమితి సచివాలయం తన ఇంటర్న్‌లకు జీతం ఇవ్వదు. ఐరాస మానవ హక్కుల కార్యాలయం ఉన్న జెనీవాలాంటి ఖరీదైన నగరంలో జీతం లేకుండా గడపవలసిన నెలల ఖర్చు మీ రూ.38 లక్షల అంచనాలో ఉన్నట్లు నాకు కనిపించలేదు. చదువు విలువను నేను తక్కువ చేయడం లేదు. ఆ విలువ జీతం రూపంలో వెంటనే రాదన్నదే నా అభ్యంతరం.

విద్యారుణం వడ్డీపై పన్ను మినహాయింపు ఉంటుంది కదా అని బంధువులు చెబుతారు. అది పాత పన్ను విధానంలోనే వర్తిస్తుంది. ఏడాదికి రూ.5.4 లక్షల జీతంపై కొత్త విధానంలో అసలు పన్నే పడదు కనుక, ఆ మినహాయింపు వల్ల మీకు ఒరిగేది ఏమీ లేదు.

మీ నేటి జీతంలో నెలకు రూ.15,000కు మించి వాయిదా పెట్టుకోకండి. పై వడ్డీతో, పదేళ్ల గడువుతో లెక్కిస్తే ఆ మొత్తానికి సరిపోయే రుణం సుమారు రూ.9 లక్షలు. మిగతాది ఉపకార వేతనం రూపంలో రావాలి. బ్రిటన్ ప్రభుత్వపు చీవ్‌నింగ్ పథకం అక్కడ చదివే ఏడాది మాస్టర్స్‌కు ఫీజుతోపాటు జీవన వ్యయం కూడా భరిస్తుంది. రెండేళ్ల పని అనుభవం ఉండాలి, చదువయ్యాక రెండేళ్లపాటు స్వదేశంలో ఉండాలి. ఎలాగూ ఇక్కడే పనిచేస్తున్న మీకు ఆ షరతు భారం కాకపోవచ్చు. మానవ హక్కుల చట్టానికి పేరున్న ఎసెక్స్ విశ్వవిద్యాలయం ఆ దేశంలోనే ఉంది. ఉద్యోగం వదలడం ఇష్టం లేకపోతే ఆక్స్‌ఫర్డ్‌లో ఇదే విషయంపై పార్ట్‌టైమ్ మాస్టర్స్ ఉంది. ఎక్కువ భాగం ఇంటి నుంచి చదివి, రెండు వేసవులలో అక్కడికి వెళ్లాలి. దాని ఫీజూ తక్కువేమీ కాదు, కానీ జీతం ఆగదు.

ముందుగా సీటును వచ్చే ఏడాదికి వాయిదా వేయడం వీలవుతుందేమో లైడెన్‌కు రాసి అడగండి. ఆ జవాబు రాతపూర్వకంగా వచ్చేవరకు నాన్నగారి ఇంటి పత్రాలను బ్యాంకుకు ఇవ్వవద్దు.