అమ్మ అల్లిన లేసు నక్షత్రాలను పిల్లలకు ఎలా పంచాలి?

మీ అమ్మగారు క్రిస్మస్ చెట్టు కోసం అల్లిన లేసు నక్షత్రాలు, గంటలు ఇరవై దాకా ట్రంకుపెట్టెలో ఉన్నాయని, కొన్ని పసుపెక్కాయని, వాటిని మీ పిల్లలకూ చెల్లెలి పిల్లలకూ గుర్తుగా ఎలా ఇవ్వాలని అడిగారు. ఆవిడకిప్పుడు చూపు ఆనడం లేదని కూడా రాశారు. మాది లేసు అల్లికకి పేరున్న నర్సాపురం పక్క ఊరు. మా అమ్మమ్మ అల్లిన పన్నెండు నక్షత్రాల్లో తొమ్మిది మిగిలాయి. ఆ మూడూ ఎలా పోయాయో ముందు చెబుతాను.

నిటారుగా నిలబడాలని వాటికి గంజి పెట్టేవాళ్లం. పండగ అయ్యాక అలాగే మడిచి ప్లాస్టిక్ కవర్లో పెట్టేశాం. గంజి కోసం పురుగులు చేరి దారం కూడా కొరికేశాయి. కాబట్టి ఇప్పుడే పెట్టె తెరవండి. గోరువెచ్చని నీళ్లలో కొంచెం మెత్తటి సబ్బు కలిపి అరగంట నానబెట్టండి. రుద్దొద్దు, పిండొద్దు, నీళ్లు మారుస్తూ ఉంటే చాలు. తడి బరువుకి పాత నూలు తెగుతుంది, అందుకే జల్లెడలో పెట్టి పైకి తీయండి. ఎరుపు, ఆకుపచ్చ దారం ఉన్నవి విడిగా తడపండి. తెల్లగా రావాలని బ్లీచింగ్ మాత్రం వేయకండి. కాస్త పసుపు ఉంటే ఉండనివ్వండి, వాటి వయసు అది. ఇక నుంచి పండగ అవగానే గంజి పోయేలా ఉతికి, బాగా ఆరాక పాత తెల్ల నూలు బట్టలో చుట్టి దాచండి.

ఏటా గంజి ఎందుకని నేను ఒకదాన్ని నీళ్లు కలిపిన తెల్ల జిగురులో ముంచాను. ఆ ఏడాది చక్కగా నిలబడింది. నాలుగేళ్లకి గోధుమరంగుకు తిరిగి పెళుసైపోయింది, ఎంత నానబెట్టినా జిగురు వదల్లేదు. ఆ తప్పు మీరు చేయకండి.

ఇక పంచడం. మా ఇంట్లో అన్నీ పెద్ద మనవరాలికే ఇచ్చేద్దామన్నారు. నాకు మనసొప్పలేదు. మా ప్రాంతంలో 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఈ అల్లికకి, ఇది ఈ ప్రాంతానిదేనని చెప్పే భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) 2024లో వచ్చింది. కానీ మా అమ్మమ్మ ముక్కకింతని కూలికి అల్లిందంతా ఏజెంట్లు పట్టుకెళ్లిపోయేవారు. అది ఏ దేశంలో ఎవరి బల్ల మీద పరిచారో ఆవిడ ఎప్పుడూ చూడలేదు. మిగిలిన దారంతో, సరుగుడు కొమ్మకి కట్టడానికి అల్లినవే మా దగ్గర ఉన్నాయి. అవి అందరి ఇళ్లకీ వెళ్లాలనిపించింది.

అందుకని ఒక్కొక్కరికీ ఒక పాతది, దాని పక్కన అదే డిజైన్‌లో నేను అల్లిన కొత్తది పెట్టాను. నాకు అల్లడం రాదు, అప్పుడే నేర్చుకున్నాను. డిజైన్ ఎక్కడా రాసి లేదు. అప్పటికి అమ్మమ్మకీ చూపు లేదు. ఒక నక్షత్రం చేతిలో పెడితే వేళ్లతో తడిమి, "మధ్యలో ఆరు చైన్లు, దాని మీద పన్నెండు కుట్లు, ఆపైన ఆరు కొనలే" అని గడగడా చెప్పేసింది. నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను, మా అక్క ఫోన్‌లో వీడియో తీసింది. ఆ మధ్యాహ్నం దొరక్కపోతే మాకు కొత్త నక్షత్రాలే లేవు. మీ అమ్మగారితో దయచేసి ఈ నెలలోనే కూర్చోండి. డిసెంబరు దాకా ఆగొద్దు.

నేను అల్లిన మొదటి మూడూ వంకరగా వచ్చాయి. అయినా వాటిని పారేయలేదు, మా చిన్నవాడు అడిగి మరీ తీసుకున్నాడు. దారం కొనేటప్పుడు పాత ముక్క వెంట తీసుకెళ్లి పక్కన పెట్టి చూడండి. కొత్తది లావుగా ఉంటే నక్షత్రం సైజే మారిపోతుంది.

పెట్టెలో ఒక చీటీ కూడా పెట్టండి: ఎవరు అల్లారు, సుమారు ఏ ఏడాది, డిజైన్ లెక్క. పెన్సిల్‌తో రాయండి, చెమ్మ తగిలితే సిరా లేసుకి అంటుకుంటుంది. కొత్తవాటి మీద మీ పేరూ ఉండాలి.

ఇరవై ఉన్నాయి కదా అని అన్నీ పంచేయకండి. ఒక లేసు గంటని మీ అమ్మగారి మంచం దగ్గర, చెయ్యి అందేలా కట్టండి.