కామిక్స్ అత్తయ్యను అడగండి: వాడు టెర్రానా, రాబినా?

ప్రశ్న: అత్తయ్య గారూ, మాది హిందూపురం. స్కూల్ నుంచీ కలిసి తిరిగిన నలుగురం ఇప్పుడు బెంగళూరు బీటీఎం లేఔట్‌లో ఒకే ఫ్లాట్‌లో ఉంటున్నాం. నలుగురికీ టీన్ టైటన్స్ అనే కుర్ర సూపర్‌హీరోల జట్టు కామిక్స్ పిచ్చి. మాలో ఒకడు హైదరాబాద్‌లో ఉద్యోగం తెచ్చుకుని ఆ మాట మాకు చెప్పలేదు. ఆన్‌లైన్‌లో వాడి ప్రొఫైల్ మారాక తెలిసింది. ఈ ఫ్లాట్ తీసుకుని రెండు నెలలు కూడా కాలేదు. అడ్వాన్స్ నలుగురం సమానంగా వేసుకున్నాం. మిగతా ఇద్దరూ వాడిని ‘టెర్రా’ అంటున్నారు, వాట్సాప్ గ్రూప్‌లోంచి కూడా తీసేశారు. నాకేమో వాడు రాబిన్‌లా కనిపిస్తున్నాడు. మీరేమంటారు?
— ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: టెర్రా అనడం మరీ అన్యాయం నాయనా. మీవాళ్లు ఆ కథ చదివారా, లేక చదివినవాళ్ల దగ్గర విన్నారా అని నాకు అనుమానం.

తెలియని పాఠకుల కోసం రెండు ముక్కలు. మార్వ్ వుల్ఫ్‌మన్ రాయగా జార్జ్ పెరెజ్ బొమ్మలు గీసిన టైటన్స్ కథల్లోకి 1982లో టెర్రా అనే పిల్ల వస్తుంది. మట్టిని, రాళ్లను ఆడిస్తుంది. నోటి దురుసు, ఊరికే అలిగే గుణం. అందరూ ఆమెను తమలో కలుపుకున్నారు, జట్టులోని గార్‌ఫీల్డ్ అయితే మనసే ఇచ్చేశాడు. 1984లో వచ్చిన ‘జూడాస్ కాంట్రాక్ట్’లో అసలు సంగతి బయటపడుతుంది. ఆమె మొదటి నుంచీ టైటన్స్ శత్రువు డెత్‌స్ట్రోక్ మనిషే. కంట్లో పెట్టుకున్న లెన్స్‌లో కెమెరా. స్నేహితులు ముసుగులు తీసి, కాళ్లు బార్లా చాపుకుని నవ్వుకుంటున్న క్షణాలన్నీ ఆ కంటితో ఫొటోలై శత్రువు చేతికి వెళ్తాయి. పెరెజ్ ఆ బొమ్మలను ఆమె కళ్లతోనే మనకు చూపిస్తాడు. మొదటిసారి ఆ పేజీలు చూసినప్పుడు పుస్తకం మూసేసి, లేచి వెళ్లి కాఫీ పెట్టుకున్నాను. వాళ్ల నవ్వులను దొంగచాటుగా చూసినవాళ్లలో నేనూ ఒకదాన్నే అనిపించింది.

మీవాడు మీ సంగతులు ఎవరికైనా మోశాడా? లేదు కదా. తన సంగతి తను దాచుకున్నాడు, అంతే. అది బ్యాట్‌మన్ శిష్యుడు రాబిన్ వ్యవహారం. ఆ పేరుతో ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. అయితే టైటన్స్‌లోని రాబిన్ కాదు, 1998లో పీటర్ డేవిడ్ మొదలుపెట్టిన ‘యంగ్ జస్టిస్’ రాబిన్, టిమ్ డ్రేక్. జట్టంతా కుర్రకారు. వీడేమో ముసుగు తీయడు, పేరు చెప్పడు. బ్యాట్‌మన్ వద్దన్నాడు. బ్యాట్‌మన్ అసలు పేరు బ్రూస్ వేన్, టిమ్ ఉండే ఇల్లు ఆయన బంగళా పక్కనే. వీడెవరో తెలిస్తే ఆయనెవరో తేలిగ్గా తెలిసిపోతుంది. ఆ రహస్యం వీడొక్కడిదే అయితే ఎప్పుడో చెప్పేసేవాడేమో. ఉద్యోగం మారేవాళ్లకు కూడా ఇలాంటి ఇరకాటమే. ఇక్కడి మేనేజర్ చెవిన పడితే ఏమవుతుందో, అక్కడ లెటర్ చేతికొస్తుందో రాదో అని నోరు కట్టేసుకుంటారు. మా ఇంట్లోనూ మా అబ్బాయి లెటర్ వచ్చాకే చెప్పాడు.

అలాగని మీరు బాధపడకూడదని అనను. ఆ జట్టులోని సూపర్‌బాయ్ ల్యాబ్‌లో పుట్టినవాడు, అప్పటికి వాడికి ముసుగు లేదు, దాచుకోవడానికి ఇంకో పేరు లేదు. ఉన్నదంతా నలుగురి ముందు పరిచేసినవాడికి పక్కవాడి మౌనం గుచ్చుకోదా మరి. మీ గ్రూప్‌లో కోపం ఎక్కువ వచ్చింది ఎవరికో ఒకసారి చూడండి, తన సంగతులన్నీ అందరికీ చెప్పుకునే అబ్బాయే అయి ఉంటాడు.

గ్రూప్‌లోంచి తీసేయడం గురించి ఒక మాట. 2000లో బ్యాట్‌మన్‌ను కూడా పెద్ద హీరోల జట్టయిన జస్టిస్ లీగ్‌లోంచి తీసేశారు. తోటివాళ్లను ఎలా పడగొట్టాలో రాసిపెట్టుకున్న కాగితాలు శత్రువు చేతిలో పడ్డాయి. ఓట్లు చీలాయి, చివరి ఓటు సూపర్‌మన్‌ది. ‘పొమ్మను’ అనే వేశాడు. కానీ ఓటు వేసే ముందు అందరూ కూర్చుని మాట్లాడారు. తర్వాత కొన్ని నెలలకు, రాబిన్ నోరు కట్టిన ఆ బ్యాట్‌మనే లీగ్ వాళ్ల ముందు ముసుగు తీశాడు. మీ ఇద్దరు మహానుభావులూ ఫోన్ మీద వేలు ఆనించి పని ముగించేశారు.

అసలు తేలాల్సింది ఇంకొకటుంది, అది అడ్వాన్స్. బెంగళూరులో ఇంటి అడ్వాన్స్ అంటే మాటలా! ఇంటి అగ్రిమెంట్ మీద సంతకం పెట్టిన రోజున వాడి చేతిలో ఆఫర్ లెటర్ ఉందా, లేక అప్పటికి ఇంటర్వ్యూలు మాత్రమే నడుస్తున్నాయా? ఇదొక్కటి వాడినే అడగండి, ఫోన్‌లో కాదు, ఎదురుగా కూర్చుని. ఇంటర్వ్యూలే అయితే వాడు రాబినే, మీవాళ్లు సారీ చెప్పి టీ ఇప్పించాలి. లెటర్ చేతిలో ఉంచుకుని సంతకం పెట్టాడంటే అది మౌనం కిందకు రాదు, మీ డబ్బుతో ఆడుకోవడం. అప్పుడు కొత్త మనిషి దొరికేదాకా వాడి వంతు అద్దె వాడే కట్టాలి. టెర్రా అని మాత్రం అప్పుడు కూడా అనకండి.

ప్రశ్న: మా అబ్బాయికి పదకొండేళ్లు. మీరు తరచూ చెప్పే ‘జూడాస్ కాంట్రాక్ట్’ కావాలని ఒకటే గొడవ. కొనివ్వనా?
— ఒక తల్లి, కె.ఆర్.పురం

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. టెర్రా ఇంకా చిన్నపిల్ల, డెత్‌స్ట్రోక్ నడివయసువాడు. వాళ్ల మధ్య నడిచిన వ్యవహారం పిల్లలకు చెప్పేది కాదు. 2003లో మొదలైన టీన్ టైటన్స్ కార్టూన్‌లో ఇదే కథ ఆ మురికి లేకుండా ఉంది. అందులో ఆమె చివరికి స్నేహితుల వైపు తిరిగి, ఊరిని కాపాడి రాయిగా మారిపోతుంది. వాళ్లు ఆమె ముందు పెట్టిన ఫలకం మీద ‘నిజమైన స్నేహితురాలు’ అని రాసి ఉంటుంది. కామిక్స్‌లో ఆమెకు ఆ మార్పు రాలేదు, ద్వేషంతోనే చనిపోతుంది. కొంచెం పెద్దయ్యాక రెండూ పక్కపక్కన పెట్టి చదవనివ్వండి.

ప్రశ్న: పాత కామిక్స్ బెంగళూరులో ఎక్కడ దొరుకుతాయి?
— విద్యార్థి, మారతహళ్లి

జవాబు: చర్చ్ స్ట్రీట్‌కు వెళ్లు బాబూ. బ్లాసమ్, బుక్‌వార్మ్ రెండూ ఆ వీధిలోనే. సెట్ మొత్తం ఒకేచోట దొరుకుతుందని ఆశ పెట్టుకోకు. డబ్బు కట్టే ముందు పేజీలన్నీ తిప్పి చూసుకో. నచ్చిన బొమ్మ చింపి గోడకు అంటించుకున్న ఘనులు ఉంటారు.