నాన్నగారి జోబో మళ్లీ తిరుగుతుందా?

ప్రశ్న: నాన్నగారు స్టూడియోలో వాడిన జోబో ఫిల్మ్ ప్రాసెసర్ (ఫిల్మ్ రోల్స్ కడిగే మెషీన్) 20 ఏళ్లుగా అటక మీదే ఉంది. ఆన్ చేస్తే మోటార్ మూలుగుతోంది, డ్రమ్ తిరగడం లేదు. బాగవుతుందా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: చాలావరకు అవుతుందండీ, పారేయకండి. ముందు ప్లగ్ తీసేయండి, తిరగని మోటార్‌కి అలాగే కరెంటు ఇస్తే వైండింగ్ కాలిపోతుంది. ఇన్నేళ్లలో గ్రీజు గట్టిపడి ఉంటుంది, పైగా మన ఉప్పుగాలికి స్విచ్ కాంటాక్టులకు చిలుము పట్టడం మామూలే. రెండూ శుభ్రం చేసి, గేర్ పళ్లు విరిగాయేమో చూసి, కొత్తగా సిలికాన్ గ్రీజు కొద్దిగా రాయండి. తిరగడం మొదలయ్యాక అసలు టెన్షన్ వేడితోనే: కలర్ నెగెటివ్‌కి సీ-41 డెవలపర్ (ఫిల్మ్ మీద బొమ్మ తేల్చే రసాయనం) 37.8 డిగ్రీల సెల్సియస్ దగ్గర 3 నిమిషాల 15 సెకన్లు ఉండాలి, కాస్త తేడా వచ్చినా రంగులు మారతాయి కాబట్టి డయల్‌ని నమ్మకుండా విడిగా థర్మామీటర్ పెట్టండి. మొదట ఉత్త నీళ్లతో నడపండి. నాన్నగారి పాత రోల్స్ మాత్రం ఇప్పుడే వేయకండి.