బిడ్డ నిద్రకు జలుబు సిరప్ పోయకండి

ప్రశ్న: మా పాపకు ఐదు నెలలు. రాత్రి 11 దాటినా పడుకోదు. భుజాన వేసుకుని తిప్పితే కునుకు పడుతుంది, చీర ఉయ్యాలలో వేయగానే లేచి గుక్క పట్టి ఏడుస్తుంది. మా పెద్దబాబుకు రాసిచ్చిన జలుబు సిరప్ మిగిలితే నాలుగు రోజులుగా రాత్రిపూట అర చెంచా పోస్తున్నాను, పడుకుంటోంది. జాజికాయ అరగదీసి నాకించమని మా అత్త అంటోంది. సిరప్ ఇంకెన్నాళ్లు ఇవ్వొచ్చు? నిద్రకు వేరే మంచి డ్రాప్స్ ఉంటే చెప్పండి.
– ఒక తల్లి, అల్లూరు, నెల్లూరు జిల్లా

జవాబు: సిరప్ ఈ రాత్రి నుంచే ఆపేయండమ్మా. ఇంకొక్క రోజు కూడా వద్దు.

మందు పేరు మీరు రాయలేదు. మగత తెప్పించే జలుబు సిరప్‌లలో ఎక్కువగా ఉండేది క్లోర్‌ఫెనిరమిన్. దానితో ఫినైలెఫ్రిన్, కొన్నింటిలో పారాసిటమాల్ కూడా కలుపుతారు. సీసా మీద చదవండి. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందు నాలుగేళ్లలోపు పిల్లలకు వాడకూడదని లేబుల్ మీద ముద్రించాలని 2023 డిసెంబరులోనే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయవద్దు, ఇవ్వవద్దు అని 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ నుంచి రాష్ట్రాలకు సూచన వెళ్లింది. మీ పాపకు ఐదు నెలలే. ఒకవేళ సీసా మీద ప్రొమెథజైన్ అని ఉంటే మరీ ప్రమాదం. ఊపిరి మందగించి ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి రెండేళ్లలోపు వాళ్లకు దాన్ని అసలు ఇవ్వకూడదు.

పడుకుంటోంది అని మీరు రాసింది మత్తు. మామూలు నిద్రలో ముక్కు మూసుకుపోయినా, గుడ్డ మొహం మీద పడినా, పాలు గొంతులోకి తిరిగొచ్చినా బిడ్డ కదులుతుంది, తల తిప్పుతుంది, ఏడ్చి మిమ్మల్ని లేపుతుంది. మత్తులో ఆ మెలకువ మొద్దుబారుతుంది. పైగా ఆ మోతాదు పెద్దబాబు బరువును బట్టి రాసింది. ఇంట్లో చెంచాలు ఒక్కోటీ ఒక్కో కొలత, మీ అర చెంచా ఎన్ని ఎం.ఎల్. అన్నది మీకూ తెలియదు. అందులో పారాసిటమాల్ ఉండి, మధ్యలో జ్వరం వచ్చిందని జ్వరం డ్రాప్స్ కూడా వేస్తే ఒకే మందు రెండుసార్లు పడుతుంది. డ్రాప్స్‌ను సిరప్ లెక్కన పోసేవాళ్లూ ఉన్నారు. పారాసిటమాల్ డ్రాప్స్ ఒక ఎం.ఎల్.లో సాధారణంగా 100 మిల్లీగ్రాములుంటే, మామూలు సిరప్ 5 ఎం.ఎల్.లో 120 నుంచి 125 ఉంటాయి. అంటే డ్రాప్స్ నాలుగు రెట్లు ఘాటు. ఒక బిడ్డకు రాసిన మందు మిగిలితే పారేయాలి తప్ప ఇంకో బిడ్డకు దాచకూడదు.

మీ అత్తగారిని తప్పుపట్టడం లేదు, మన పక్క ఇళ్లలో ఈ అలవాటు పాతదే. కానీ జాజికాయలో మిరిస్టిసిన్ అనే పదార్థం ఉంటుంది, ఎక్కువైతే మత్తు, గుండె దడ, వాంతులు. సానరాయి మీద ఎన్ని చుట్లు అరగదీస్తే ఎంత వస్తుందో ఎవరూ కొలవలేరు. వస కొమ్ము, గసగసాల పాలు కూడా అంతే, వద్దు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు చాలు. ఉగ్గు గిన్నెతో గ్రైప్ వాటర్ కూడా అక్కర్లేదు. నిద్ర కోసం ఈ వయసు బిడ్డకు నేను రాసే డ్రాప్స్ ఏవీ లేవు.

సిరప్ మానేశాక రెండు మూడు రాత్రులు ఏడుపు పెరగవచ్చు. భయపడి మళ్లీ సీసా తీయకండి. అయితే లేపినా సరిగా కళ్లు తెరవకపోయినా, పాలు పట్టకపోయినా, పెదాలు నీలంగా మారినా, ఊపిరి ఆగి ఆగి వస్తున్నా వెంటనే 108కి ఫోన్ చేయండి. లేదా దగ్గరున్న కావలి ఏరియా ఆసుపత్రికో నెల్లూరు పెద్దాసుపత్రికో వెళ్లండి.

మీరు రాయని సంగతులు కొన్ని నాకు కావాలి. పుట్టినప్పటి బరువెంత, ఇప్పుడెంత? ఐదు నెలలకు దాదాపు రెట్టింపు కావాలి. రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోస్తోందా? బరువు పెరగని బిడ్డ ఆకలితో మేలుకుంటుంది, దానికి జోల పాడి లాభం లేదు. పడుకోబెడితేనే ఏడుస్తూ, జ్వరం కూడా ఉంటే చెవి చూపించాలి. ఒకసారి బట్టలన్నీ విప్పి కాలివేళ్లు, చేతివేళ్లు చూడండి. కాన్పయ్యాక తల్లికి జుట్టు రాలుతుంది, ఆ వెంట్రుక బిడ్డ వేలికి బిగుసుకుని వాచిపోవడం ఉంది. ఆగి ఆగి కాళ్లు పొట్టకు ముడుచుకుని ఏడుస్తూ, మధ్యలో వాడిపోతూ, ఎర్రటి జిగురు విరేచనమో పచ్చటి వాంతో అయితే పేగు ఇరుక్కుని ఉండవచ్చు. తెల్లారేదాకా ఆగొద్దు. మాడు ఉబ్బినా, నిమిషానికి 50 లేదా అంతకు మించి ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా అంతే.

ఇవేవీ లేకపోతే సమస్య వేళలోనిదే. ఈ వయసులో పగలూ రాత్రీ కలిపి 12 నుంచి 16 గంటల నిద్ర చాలు. ఒక నిద్ర లేచాక మళ్లీ నిద్ర రావడానికి సుమారు రెండు, రెండున్నర గంటలు పడుతుంది. సాయంత్రం ఏడింటిదాకా కునుకు తీస్తే తొమ్మిదిన్నర దాకా రాదు. ఐదున్నరకల్లా లేపండి. కళ్లు నులుముకోవడం, చెవి లాక్కోవడం, మొహం పక్కకు తిప్పుకోవడం కనిపిస్తే అప్పుడే పడకకు తీసుకెళ్లాలి. ఆ వేళ దాటిపోతే అలసట ఎక్కువై ఇంకా పేచీ పెడుతుంది. తొమ్మిదింటికి ఇంటికొచ్చిన నాన్న ఎగరేసి ఆడించడం, టీవీ మోత, ఫోన్ వెలుగు, ఇవన్నీ కునుకు చెడగొట్టేవే.

ఏడున్నర ప్రాంతంలో గోరువెచ్చటి నీళ్లతో లాల పోయండి, లేదా ఒళ్లు తుడవండి. ముక్కులో, చెవిలో నూనె వేయొద్దు. సాంబ్రాణి పొగ పట్టొద్దు, ముక్కు దిబ్బడ వేస్తే ఆ రాత్రి నిద్ర ఉండదు. తర్వాత చిన్న లైటు వెలుతురులో పాలిచ్చి, పది నిమిషాలు భుజాన నిలువుగా పట్టి తేన్పు రానివ్వండి. రోజూ అదే జోల పాట. కళ్లు మూతలు పడుతూ, ఇంకా పూర్తిగా నిద్రపోకముందే పక్క మీద వేయండి. ముందు పిర్రలు, తర్వాత వీపు, చివర తల ఆనించి, అరచేయి రొమ్ము మీద కాసేపు ఉంచండి. భుజం మీదే నిద్రపోయిన బిడ్డ ముప్పావు గంటకు నిద్ర పలచబడగానే ఆ భుజాన్నే వెతుక్కుంటుంది, మీ ఇంట్లో జరుగుతున్నది అదే. ఏడిస్తే ఒకటి రెండు నిమిషాలు తడుతూ చూడండి, ఏడుపు హెచ్చితే ఎత్తుకుని సముదాయించి మళ్లీ వేయండి. ఇలా వారం, పది రోజులు పడుతుంది. రాత్రి రెండు మూడుసార్లు పాలకు లేవడం ఈ వయసుకు మామూలే.

చీర ఉయ్యాలలో వీపు వంగి గడ్డం రొమ్ముకు ఆనుతుంది, ఊపిరికి ఇబ్బంది. ఇప్పుడు బోర్లా పడే వయసు కూడా. రాత్రికి మీ పక్కనే గట్టి పరుపు మీద, వెల్లకిలా, విడిగా. ఆవాల దిండు, పక్క దిళ్లు తీసేయండి. రొయ్యల గుంటల పక్క దోమలెక్కువ కాబట్టి కాయిల్ బదులు దోమతెర కట్టి అంచులు బాగా దోపండి. ఎండాకాలం ఒక్క నూలు చొక్కా చాలు. మెడ వెనక తడిమితే చెమట పట్టి ఉంటే ఉక్కపోస్తున్నట్టే.

బిడ్డను చూడకుండా ఉత్తరం మీద చెప్పగలిగింది ఇంతే. ఈ రెండు మూడు రోజుల్లో దగ్గర్లోని పిల్లల డాక్టరుకు చూపించి బరువు తూయించండి. వెళ్లేటప్పుడు టీకాల కార్డుతో పాటు ఆ సిరప్ సీసా కూడా తీసుకెళ్లండి.