సముద్రపు విషాల మీద పీహెచ్‌డీ అంటోంది మా అమ్మాయి. పంపించాలా?

ప్రశ్న: మాది కాకినాడ. మా అమ్మాయి మైక్రోబయాలజీ, కెమిస్ట్రీతో బీఎస్సీ ఆఖరి ఏడాది చదువుతోంది. సముద్రంలో డైనోఫ్లాజెల్లేట్లు అనే సూక్ష్మజీవులు తయారుచేసే విషాల మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. మేం బీఎడ్ చేయమంటున్నాం. ఆ చదువుకి ఉద్యోగం ఉంటుందా? విషాలతో పని కదా, ప్రమాదం లేదా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

జవాబు: పంపించండి. కాకపోతే ఎమ్మెస్సీలో ఏ సబ్జెక్టు తీసుకుంటుందో దాన్ని బట్టే మీ భయం నిజమవుతుందో లేదో తేలుతుంది.

ముందు ఆమె అడుగుతున్నది చిన్న విషయం కాదని మీరు తెలుసుకోవాలి. 1997లో కేరళలోని విళింజం దగ్గర ఆల్చిప్పలు తిని ఏడుగురు చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. ఆల్చిప్పలు నీటిని వడకట్టుకుని ఆహారం తీసుకుంటాయి. అలా డైనోఫ్లాజెల్లేట్లు తయారుచేసే శాక్సిటాక్సిన్ లాంటి విషాలు వాటి మాంసంలో పేరుకుంటాయి. ఈ విషం నరాల్లో సోడియం వెళ్లే దారుల్ని మూసేస్తుంది. మోతాదు ఎక్కువైతే ఊపిరి తీసుకునే కండరాలు ఆగిపోతాయి. దీనికి రుచి లేదు, వాసన లేదు, ఉడికించినా పోదు, విరుగుడు మందూ లేదు. కిలో మాంసంలో 0.8 మిల్లీగ్రాములు దాటితే అమ్మకూడదని అంతర్జాతీయ పరిమితి. అంత కొంచెం విషాన్ని పట్టుకోగలిగేది ల్యాబ్ ఒక్కటే. ఉపగ్రహాలు సముద్రం రంగు మారడాన్ని చూడగలవు. హైదరాబాద్‌లో సముద్ర సమాచారం అందించే కేంద్ర సంస్థ ఇన్‌కాయిస్ అలా చూసి సమాచారం ఇస్తోంది కూడా. కానీ కొన్ని జాతులు నీటి రంగు మారకముందే, తక్కువ సంఖ్యలో ఉండగానే ప్రమాదకరం అవుతాయి.

ఇవే విషాలు మందుల పరిశోధనకూ పనికొస్తున్నాయి. శాక్సిటాక్సిన్‌కి దగ్గరి బంధువైన నియోశాక్సిటాక్సిన్‌ని నొప్పి తెలియకుండా చేసే మత్తుమందుగా మనుషుల మీద తొలి దశలో పరీక్షించారు. డైనోఫ్లాజెల్లేట్ల మరో విషమైన ఒకడాయిక్ ఆమ్లాన్ని కణాల మీద పనిచేసే ల్యాబులు రోజూ వాడతాయి. ఇక విషం లేని డైనోఫ్లాజెల్లేట్ ఒకదాన్ని ట్యాంకుల్లో పెంచి, పసిపిల్లల పాలపొడిలో కలిపే డీహెచ్‌ఏ అనే ఒమేగా-3 కొవ్వు తీస్తున్నారు.

ఇక ఎమ్మెస్సీ సంగతి. చాలామంది పిల్లలు మెరైన్ బయాలజీ, మెరైన్ బయోటెక్నాలజీ అన్న పేరు చూసి చేరిపోతారు. మీ అమ్మాయికి నా సలహా అనలిటికల్ కెమిస్ట్రీ లేదా ఆర్గానిక్ కెమిస్ట్రీ. డైనోఫ్లాజెల్లేట్లని పెంచడం చాలా నెమ్మదిగా సాగే పని. లీటర్ల కొద్దీ నీళ్లలో పెంచినా చేతికొచ్చేది మైక్రోగ్రాముల్లోనే. దాన్ని విడదీసి, కొలిచి, ఇదే ఆ పదార్థమని నిరూపించేది కెమిస్ట్రీ తెలిసినవాళ్లు. ఆమె నేర్చుకోవాల్సింది ఎల్‌సీ-ఎంఎస్ అనే యంత్రం మీద పని. మిశ్రమంలోని పదార్థాల్ని విడదీసి, వాటి బరువుని బట్టి గుర్తుపట్టే యంత్రం అది. బయాలజీ బీఎస్సీలో కొంత వచ్చేసింది, మిగతాది పీహెచ్‌డీలో నేర్చుకోవచ్చు. కెమిస్ట్రీ పునాది లేనివాళ్లకి ఆ యంత్రం నేర్చుకోవడం చాలా కష్టమవుతుంది, అది చూశాకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఈ సలహాకి ఇంకో కారణం ఉంది. మన దేశంలో డైనోఫ్లాజెల్లేట్ల విషాల నిపుణులు కావాలి అని ప్రకటన వచ్చే ఉద్యోగాలు చాలా తక్కువ. మీ దగ్గర దాచడం లేదు. కానీ మన రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాలు ఉన్నాయో లేదో ఎగుమతికి ముందు పరీక్షించేది కూడా ఎల్‌సీ-ఎంఎస్ తోనే. రొయ్యల ల్యాబులు, మందుల కంపెనీలు, ఆహార పరీక్షల ల్యాబులు ఆ పని తెలిసినవాళ్లని తీసుకుంటాయి. పీహెచ్‌డీ మధ్యలో ఆగినా చేతిలో పని ఉంటుంది.

దారి ఇలా: ఏపీ పీజీసెట్ లేదా ఐఐటీ జామ్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఎమ్మెస్సీ, ఆ తర్వాత పరిశోధనకు అర్హత ఇచ్చే జాతీయ పరీక్ష సీఎస్ఐఆర్ నెట్. అందులో జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే 2023లో పెంచిన లెక్క ప్రకారం నెలకు 37,000 రూపాయలు, పైన ఇంటద్దె భత్యం. అంటే పీహెచ్‌డీ అయిదేళ్లూ మీ మీద భారం పడదు. పరిశోధనకు గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ఉంది, దానికి విశాఖలో ప్రాంతీయ కేంద్రం ఉంది. కొచ్చిలో సముద్ర చేపల పరిశోధన సంస్థ సీఎంఎఫ్ఆర్ఐ, కుసాట్ అనే విశ్వవిద్యాలయం ఉన్నాయి.

ప్రమాదం గురించి: శాక్సిటాక్సిన్ రసాయన ఆయుధాల ఒప్పందంలో మొదటి జాబితాలో ఉంది కాబట్టి ఎవరుబడితే వాళ్లు తెచ్చుకుని వాడలేరు. విద్యార్థుల చేతికి వచ్చేది పరీక్షలకు సరిపడే అతి తక్కువ మోతాదు, అదీ గ్లవ్స్ వేసుకుని, పర్యవేక్షణలో. పురుగుమందు డబ్బా ఇంట్లో ఉంచుకునే రైతు కుటుంబానికి ఉన్న ప్రమాదం కంటే ఇది తక్కువేనని నా అభిప్రాయం.

బీఎడ్ ఎమ్మెస్సీ తర్వాత కూడా చేయొచ్చు. ఇప్పుడే రెండేళ్లు అందులో పెడితే నెట్ వెనక్కి వెళ్లిపోతుంది. ఎమ్మెస్సీ మొదటి ఏడాదిలోనే మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కి దరఖాస్తు పెట్టించండి. ల్యాబులో రెండు నెలలు గడిపాక తనకి ఈ పని నచ్చిందో లేదో మీకు తనే చెప్తుంది.